వినే పరీక్ష

బడి వదిలారు. పిల్లలంతా వెళ్లేదాకా గేటు పక్కన ఒదిగి నిలబడిన మనిషి, అప్పుడు లోపలికి వచ్చాడు.

అరవైకి దగ్గరగా ఉంటాయి. ఇస్త్రీ చొక్కా. చేతిలో టిఫిన్ క్యారియర్.

“అమ్మా, రేపు మూడో తరగతి పిల్లలకు పెద్ద పరీక్షట కదా.”

“అయితే?” అంది హెడ్ మేడమ్.

“అందులో కొన్ని ప్రశ్నలు స్పీకర్లో వినిపిస్తారట. ఆ వినే భాగం ఎన్ని గంటలకమ్మా?”

“మీ పిల్లలున్నారా ఇక్కడ?”

“లేరు.”

“మనవలు?”

“లేరమ్మా.”

“మరి మీకెందుకు?”

ఆయన నసిగాడు. “ఎందుకో అడక్కండి. తెలిస్తే రేపు మీ మీదికీ మాటొస్తుంది. టైము ఒక్కటి చెప్పండి, చాలు.”

ఆమె మనసు కీడు శంకించింది. కిందటి నెలే పక్క ఊళ్లో ఇదే పరీక్ష పేపరు బయటికి పొక్కింది. కొత్త ముఖాలు కనబడితే జాగ్రత్త అని పై ఆఫీసు నుంచి కాగితం కూడా వచ్చింది.

వినే భాగం అన్ని బళ్లలోనూ పదిన్నరకే.

“పది గంటలకు,” అంది.

“ఎంతసేపు?”

“ఇరవై నిమిషాలు.”

ఆయన చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. “చురుకైన పిల్లలమ్మా. బాగా రాస్తారు,” అని వెళ్లిపోయాడు.

మూడో తరగతి టీచర్ వరండాలోంచి చూస్తూనే ఉంది.

“ఎవరు మేడమ్?”

“పేపరు దొంగ. తప్పుదారి పట్టించి పంపా.”

“చూస్తే పెద్దమనిషిలా ఉన్నాడే.”

“దొంగనని నుదుటి మీద రాసుకుని తిరుగుతాడా?”

ఆ పరీక్షంటే పిల్లలకన్నా హెడ్ మేడమ్‌కే ఎక్కువ భయం. వరసగా రెండేళ్లు మూడో తరగతి సగటు నలభై దాటలేదు. ఈసారి యాభై రాకపోతే బడి మూసేస్తారు. పిల్లలు హైవే దాటి పెద్దబడికి పోవాలి. పోలేని వాళ్లు ఇంట్లో కూర్చోవాలి.

ఏడాది కిందట ఆమె బదిలీ మీద వచ్చింది. పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. బడి తప్ప ఆ ఊళ్లో ఆమెకు ఏమీ తెలియదు. ఆదివారాలు కూడా వచ్చి, వెనకబడిన పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చదివించింది. ఈమధ్య వాళ్లు కూడబలుక్కోకుండా చదువుతున్నారు.

బడి వెనక గోడకు ఆనుకునే రైలు పట్టాలు. రోజూ పది గంటలకు గూడ్సు వెళుతుంది. అది పోయేదాకా టీచర్లు పాఠం ఆపేసి నిలబడతారు. మళ్లీ మధ్యాహ్నం దాకా బండి లేదు. వినే భాగం పదిన్నరకని తెలిసినప్పుడు, గండం గడిచిందనుకుంది.

మర్నాడు పది అయింది. గూడ్సు రాలేదు.

“ఇవాళ రద్దయినట్టుంది. మనకీ మంచిరోజులొచ్చాయి,” అంది మూడో తరగతి టీచర్.

సరిగ్గా పదిన్నరకు, పై ఆఫీసు నుంచి వచ్చిన పరిశీలకుడు స్పీకర్ మీట నొక్కాడు.

“ఒకటో ప్రశ్న. జాగ్రత్తగా వినండి. ఒకసారే చెప్పబడుతుంది.”

కూత వినిపించింది.

కిటికీ రెక్కలు దడదడలాడాయి. బండి ఎందుకో నత్తలా నడుస్తోంది. పెట్టె వెంట పెట్టె, ఎంతకీ తెగదు. ఆ మోత కింద స్పీకర్ ఏదో గొణుగుతూనే ఉంది.

ముందు బల్ల మీది బొండుమల్లి చెయ్యెత్తింది. ఆ పిల్ల బుగ్గలు చూసి తరగతంతా పెట్టుకున్న పేరది.

“మేడమ్, వినపడలేదు.”

“సార్, ఒక్క నిమిషం ఆపండి,” అంది హెడ్ మేడమ్.

పరిశీలకుడు తల అడ్డంగా ఊపాడు. “ఆపకూడదమ్మా. రూలు.”

చివరి పెట్టె దాటేసరికి స్పీకర్ చెబుతోంది: “తొమ్మిదో ప్రశ్న.”

ఆరు వారాలకు ఫలితాలొచ్చాయి. సగటు నలభై ఏడు.

చదివే భాగంలో మంచి మార్కులే వచ్చాయి. వినే భాగమే ముంచింది. చాలామంది ఖాళీగా వదిలేశారు. బొండుమల్లి మాత్రం ఏ గడీ వదల్లేదు. ఎనిమిది గడుల్లోనూ గుండ్రటి అక్షరాలతో ‘రైలు వచ్చింది’ అని రాసింది. ఎనిమిదింటికీ ఎర్ర సున్నాలు.

బడి మూసెయ్యమని ఉత్తర్వు ఆ వారంలోనే అందింది. ఆమె పై ఆఫీసుకు రెండుసార్లు వెళ్లింది. “రైలు వల్ల అని రాతపూర్వకంగా తెండి, చూద్దాం,” అన్నారు. చూస్తారని ఆమెకు నమ్మకం లేదు. అయినా మొదటిసారిగా స్టేషన్‌కు నడిచింది.

కుర్చీలో ఉన్న స్టేషన్ మాస్టర్ కుర్రవాడు.

“పది గంటల బండి, మా పరీక్ష రోజే పదిన్నరకు ఎందుకొచ్చింది?” అని అడిగింది.

“ఆ రోజు డ్యూటీ నాది కాదండీ. పాతాయనది. సరైన కారణం లేకుండా బండి ఆపాడని ఇంటికి పంపేశారు. ఇంకో రెండు నెలలుంటే పూర్తి సర్వీసుతో రిటైరయ్యేవాడు.”

“తగిన శాస్తే అయింది. నూటపది మంది పిల్లల నోట్లో మట్టి కొట్టాడు.”

కుర్రవాడు లేచాడు. బీరువాలోంచి రిజిస్టరు తీశాడు. ఆ తేదీ ఉన్న పేజీ తెరిచి, ఆమె వైపు తిప్పాడు.

అందులో కుదురైన చేతిరాత: ‘పది గంటల గూడ్సును ఔటర్ సిగ్నల్ దగ్గర ఇరవై అయిదు నిమిషాలు ఆపాను. కారణం, మోత లేకుండా బడిపిల్లలు పరీక్ష వినడానికి. పరీక్ష టైము నిన్న స్వయంగా వెళ్లి హెడ్ మేడమ్ గారిని అడిగి తెలుసుకున్నాను.’