మాణిక్యాంబగారి డాబాకి పొగగొట్టం

ఎండ పడే ప్రతి జానెడు చోటా సోలార్ ప్యానెళ్ళు పరవాలన్న చట్టం వచ్చి పదేళ్ళయింది. మా ఊళ్ళో మాణిక్యాంబగారి డాబా ఒక్కటే మిగిలింది. దాని వంకర పిట్టగోడనీ, ఓ పక్కకి ఒరిగిన మెట్లగదినీ ఏ డిజైనరూ సాఫ్ట్‌వేర్‌లో సరిగ్గా గీయలేకపోయాడు. ఉద్యోగంలో కొత్తగా చేరిన నేను రెండు రోజులు తంటాలుపడి గీశాను.

"మధ్యలో మంచమంత చోటు వదిలెయ్యి బాబూ, గుమ్మడి వడియాలు పెట్టుకుంటాను," అన్నారావిడ.

"ఎండబెట్టే మిషన్లున్నాయి కదండీ?"

"ఆ మిషను వడియాలు ఎప్పుడైనా తిన్నావా?"

తిన్నాను. అట్టముక్కలే నయం. అయినా కుదరదన్నాను.

"పోనీ, అక్కడ పొగగొట్టం ఉందని గీసెయ్యి."

"కట్టెల పొయ్యే లేని ఇంటికి పొగగొట్టమా! దొంగ గీత గీస్తే సాఫ్ట్‌వేర్ ఇట్టే పట్టేస్తుంది. నా ఉద్యోగం ఊడుతుందండీ," అని విసుక్కుని, ఉన్నదున్నట్టు పంపబోయాను.

సాఫ్ట్‌వేర్ పంపనివ్వలేదు. తెర మీద వచ్చిన మాటలు పైకే చదివాను: "ఈ ఊళ్ళో మిగతా డాబాలన్నిటి మీదా మంచమంత పొగగొట్టం ఉంది. ఇక్కడ గీయడం మరిచిపోయారా?"

మాణిక్యాంబగారు వడియాల పిండి కలపడం ఆపి నా వంక జాలిగా చూశారు.

"దానికున్నపాటి ఇంగితం కూడా నీకు లేదేం బాబూ?"