పసుపు పిత్తం

"రక్తం ఎక్కువుంటే హుషారు, పసుపు పిత్తం ఎక్కువుంటే కోపం, నల్ల పిత్తమైతే దిగులు, కఫమైతే నిదానం. పాతకాలం గ్రీకులు మనుషులను గిట్ల నాలుగు తీర్లు చేసిండ్రట బాపు. ఇంట్ల ఒకరి గురించి రాసుకొని రమ్మన్నరు. అమ్మది ఏం రాయాలె?" సైకాలజీ నోటుపుస్తకం తెరిచి అడిగింది శ్రీనిధి.

"పసుపు పిత్తమే, అడిగేదేముంది! నీ చిన్నప్పుడు నీకు వంకర జడ ఏసిననని నన్ను మూడు రోజులు తిట్టింది," భార్య భూలక్ష్మికి జడ అల్లుతూ అన్నాడు జగదీశ్వర్.

"ఇప్పుడు గూడనా?"

ఇబ్రహీంపట్నం బస్టాండులో కండక్టర్లను తన తిట్లతో గడగడలాడించిన భూలక్ష్మి, స్కూటీ మీది నుంచి పడి తలకు దెబ్బ తగిలినప్పటి నుంచి ఎవరేం చేసినా "మంచిగుంది" అనే అంటోంది.

జడ చక్కగా వచ్చింది. జగదీశ్వర్ దాన్ని విప్పేసి, ఒక పాయ లావుగా, ఒకటి సన్నగా తీసి మళ్ళీ అల్లాడు.

"మంచిగనే వచ్చింది గద బాపు, ఎందుకు ఇప్పినవ్?"

"మంచిగొస్తే తిట్టదు బిడ్డా."

భూలక్ష్మి ఆ వంకర జడను ముందుకు లాక్కుని తడిమి చూసుకుంది.

"మంచిగుంది," అంది.

శ్రీనిధి పుస్తకం మూసేసింది. తల్లి జడ తానే విప్పి, దువ్వెన తండ్రి చేతికిచ్చింది.

"ఇంకా జర వంకరగ అల్లు బాపు."