ఎనిమిదో పాట

ఎనిమిదో పాట మొదలవగానే పిట్ట టీ గ్లాసు కింద పెట్టేసింది.

అప్పటిదాకా అంతా సరదాగానే సాగింది. బావ పనిచేసుకునే గదిలో బావ, అక్క, పిట్ట ముగ్గురే ఉన్నారు. గోడలకు నల్లటి స్పాంజి, కిటికీకి రెండు పొరల అద్దం, పరుపంత మందాన తలుపు. తలుపు వేస్తే లోపల ఎంత గోల చేసినా పక్క గదిలోకి కూడా వినిపించదు.

అందరూ 'పట్టుగొంతు' అని ముద్దుగా పిలుచుకునే గాయకుడి కొత్త ఆల్బమ్ వచ్చే వారం విడుదల. సంగీతమంతా బావదే. పాటలు పది. మొదటి ఏడూ అందరి నోళ్ళలో నానిన పాత పాటలు. వాటికి బావ కొత్త బట్టలు తొడిగాడు. చివరి మూడూ ఇంతవరకూ ఎవరూ వినని సొంత పాటలు.

పాత పాటలు వస్తున్నంతసేపూ అక్క నోరు ఊరుకోలేదు.

"ఇదేంటండీ, ఇంత నెమ్మదిగా పాడించారు? పాపం ఆయనకి నిద్రొస్తున్నట్టుంది."

"అదే ఆయన స్టైలు. చెవి దగ్గర గుసగుసలాడినట్టు పాడతాడనే కదా జనం పడి చస్తారు."

"ఆయన దగ్గర మీరూ కాస్త నేర్చుకోవాల్సింది. పెళ్ళైన దగ్గర్నుంచీ మీ నోట కేకలే విన్నాను."

పిట్ట ఫక్కున నవ్వింది. అమ్మమ్మ పోయాక అలా నవ్వడం అదే మొదలు.

ఆ వెంటనే ఎనిమిదోది మొదలైంది. పియానో మీద నాలుగు స్వరాలు మెల్లగా దిగాయి. పట్టుగొంతు పల్లవి అందుకున్నాడు.

ఎవరూ వినని పాట. పిట్ట విన్నది.

కిందటేడు ఒక మధ్యాహ్నం. అమ్మమ్మ ఇంట్లో అమ్మమ్మా తనూ. వెనక తలుపు చప్పుడైంది. "లోపలికి పో! పిలిచేదాకా రాకు," అంటూ అమ్మమ్మ ఆమెను పడకగదిలోకి నెట్టింది. పిట్ట అల్మారాలో దూరి, అమ్మమ్మ బట్టల మధ్య ముడుచుకుంది. పెనుగులాట వినిపించింది. మెట్ల మీద ఏదో దొర్లిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

ఆ తర్వాత ఈల.

ఎవడో గదిలోకొచ్చి, సొరుగులు లాగుతూ, తీరిగ్గా, పళ్ళ సందునుంచి ఈల వేస్తున్నాడు. గొంతైతే పోల్చుకోవచ్చు. ఈలను ఎలా పోల్చుకోవడం? ఆ రాగం మెల్లగా మొదలై, పైపైకి పాకి, అక్కడ ఊపిరి బిగబట్టినట్టు ఆగి, ఒక్కసారిగా జారింది. మళ్ళీ అదే. మళ్ళీ అదే. తర్వాత వెనక తలుపు మూసుకుంది.

అందరికంటే ముందు వచ్చింది బావే. అల్మారా తలుపు తీసి, "నేనే పిట్టా, బావని," అంటూ ఎత్తుకున్నాడు. అమ్మమ్మ మళ్ళీ కళ్ళు తెరవలేదు.

"ఆ రాగం ఒక్కసారి పాడి వినిపించమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టరు. పిట్ట కూనిరాగం తీస్తుంటే సగంలోనే గొంతు పూడుకుపోయింది. పక్కనే ఉన్న బావ ఆ స్వరాలు కాగితం మీద రాసి ఇచ్చాడు. ఎంత వెతికినా దొంగ దొరకలేదు. అప్పట్నుంచీ పిట్ట ఈ ఇంట్లోనే ఉంటోంది. వీధిలో ఎవరు ఈల వేసినా గుమ్మం దాటదు.

"బావా, ఆపు!"

బావ పాట ఆపాడు.

"ఆయనే," అంది పిట్ట. "ఆ పట్టుగొంతే. ఇదే పాట. అమ్మమ్మని... ఇదే ఈల."

అక్క పిట్టను దగ్గరకు లాక్కుంది. బావ ఒక్క క్షణం అలాగే చూసి, నెత్తి కొట్టుకున్నాడు.

"నా బుద్ధి మండిపోను! ముందే చెప్పాల్సింది. ఈ పల్లవి ఆయనది కాదు పిట్టా, నువ్విచ్చిందే! స్టేషన్లో నువ్వు పాడావే, అది నా బుర్రలోంచి పోతేగా. దాన్ని మంచి పాటగా మార్చేస్తే నీ భయం కూడా పోతుందనుకున్నా. ఆయనకేం తెలుసు? నేను పాడమన్నది పాడాడు."

"పోతుంది, పోతుంది! భయం కాదు, పిల్ల ప్రాణం పోయేది!" అక్క ఆయన వీపు మీద ఒక్కటిచ్చింది. "చెప్పాపెట్టకుండా ఇలాంటి పనులేంటండీ?"

"తప్పయిపోయింది తల్లీ. పాపం, అంత పెద్ద గాయకుణ్ణి క్షణంలో జైల్లో వేసేసింది నీ చెల్లెలు."

పిట్టకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఇన్నాళ్ళూ ఛాతీ మీద ఉన్న బరువేదో కాస్త పక్కకు జరిగినట్టయింది. దొంగ ఎవడో ఇంకా తెలియదు. కానీ వాడు ఈ గదిలోకి మాత్రం రాలేదు.

"పాలు పొంగుతున్నట్టున్నాయి," అంటూ అక్క వంటింట్లోకి పరుగెత్తింది.

బావ లేచి ఆ మందపాటి తలుపు వేశాడు. ఆగిన చోటి నుంచి పాట మళ్ళీ పెట్టాడు.

"పల్లవి నువ్విచ్చిందే కానీ, చరణం మాత్రం పూర్తిగా నా సొంతం. ఎలా ఉందో చెప్పు," అన్నాడు గర్వంగా.

పట్టుగొంతు చరణం అందుకున్నాడు. రాగం పైపైకి పాకింది. అక్కడ ఊపిరి బిగబట్టినట్టు ఆగింది. ఒక్కసారిగా జారింది.

ఆ రోజు స్టేషన్లో పల్లవి దగ్గరే గొంతు పూడుకుపోయిన పిట్ట, అల్మారాలో విన్న ఆ చరణాన్ని ఇంతవరకూ ఎవరికీ పాడి వినిపించలేదు.