ఒలకని కల

ఆ ఉదయం ఆకాశం కనుమ మీది మంచుమబ్బును ఎత్తుకుపోయింది. చలికాలంలో అక్కడ గుర్రంతో సహా మంచులో కూరుకుపోయిన తోకోన్‌ను వెతకడానికి ఇక దారి దొరికింది. కానీ ఎక్కడని వెతకడం? అతను రోజూ భార్య బురుల్చా కలలోకి వచ్చి చోటు చెబుతూనే ఉన్నాడు. తెల్లారేసరికి ఆమెకు ఒక్క మాటా గుర్తుండదు.

"కలంటే నిండు పాలగిన్నె. నువ్వేమో లేస్తూనే జడలబర్రెలా పొర్లుతావు, ఒలికిపోదూ?" అంది అత్తగారు. "మెలకువొస్తే కళ్ళు తెరవకు. తల కదపకు. చివరి మాట పట్టుకుని వెనక్కి లాక్కో."

"సరే అత్తమ్మా."

ఆ రాత్రి కంబళి గుడారంలో బురుల్చాకు మెలకువ వచ్చింది. కదల్లేదు. కల అయిపోయింది. పొయ్యిలో పిడక చిటపటమనడం వినిపిస్తోంది. తోకోన్ గొంతు మాత్రం ఆగలేదు. ఆమె వీపు వెనకే, "ఎర్రబండ కింద, జంట చెట్ల దగ్గర" అని నెమ్మదిగా చెబుతోంది. తడిసిన గుర్రం వాసన వేసింది. తిరిగితే అతన్ని చూడొచ్చు. తిరిగితే చోటు మరిచిపోతుంది, అతను మట్టి దక్కక మంచులోనే ఉండిపోతాడు. చెంప కింద దిండు తడిసింది గానీ తల కదల్లేదు.

తెల్లవారకముందే అత్తగారు పోయినవాళ్ళ పేరున నూనెలో రొట్టెలు వేయిస్తోంది.

"తిరిగావా?"

"లేదత్తమ్మా. చోటు గుర్తుంది."

"నేను చూశాను తల్లీ," అంది ఆమె మెల్లగా. "గడ్డం పెరిగింది వాడికి."

బురుల్చా తన పక్క వైపు చూసింది. వీపు వెనక, కంబళి మీద మంచు ఇంకా పూర్తిగా కరగలేదు.

మొదటి రొట్టె అక్కడ పెట్టి, ఇద్దరూ మిగతావి తిన్నారు.