మూడు సెకన్లు

యమునకు ఒక అలవాటుంది. ఉద్యోగం పని మీద ఏ ఊరు వెళ్ళినా, దిగిన గంటలోపే ఆ ఊరి గురించి ఫోన్లో ఒక ముక్క రాసి పడేస్తుంది.

ఇండోర్: రోడ్డు మీదే అన్నం పెట్టుకుని తినొచ్చు.

సూరత్: ఆగి మాట్లాడే తీరిక ఎవరికీ లేదు.

నాగపూర్: ఎండకు నేనే నారింజ తొక్కనయ్యాను.

గంటలో ఊరంతా అర్థమైపోయేంత తెలివి ఆమెది మరి!

ఆ ఉదయం గోదావరిఖనిలో దిగింది. మధ్యాహ్నం గని ఆఫీసులో తమ కంపెనీ మిషన్ చూపించాలి. గని పైకప్పును కర్రతో కొడితే వచ్చే చప్పుడు విని, అది కూలుతుందో లేదో చెప్పే మిషన్. 'ఇక మనిషి చెవితో పనిలేదు' అని పెట్టె మీదే రాసి ఉంటుంది.

యమున ఎన్నడూ గనిలోకి దిగలేదు. హైదరాబాద్‌లో ఏసీ గదిలో కూర్చునే మిషన్‌కు ఆ చప్పుళ్ళన్నీ నేర్పింది.

లాడ్జిలో తన గది తలుపు తెరిచి ఉంది.

లోపల ఒక ముసలాయన మంచమెక్కి నిలబడ్డాడు. పరుపు పక్కకు మడిచి, ఎడమ అరచెయ్యి పైకప్పుకు ఆనించి, కళ్ళు మూసుకున్నాడు.

“బిస్మిల్లా. బోల్ అమ్మా” అంటూ కుడిచేతి కర్రతో టక్ టక్‌మని కొట్టాడు.

“ఎవరు మీరు? మంచమెక్కి ఏం చేస్తున్నారు?”

ఆయన గాభరాగా దిగాడు.

“గీ రూము వద్దు బేటీ. కింద రూముల దిగు. వానలకు నాని రూఫు డొల్లబోయింది. మాట్లాడుతున్నది.”

“రూఫు మాట్లాడుతోందా?”

“అవ్ బేటీ. మనం ఇనాలె గంతే.”

యమున విసవిసా కిందికి దిగి మేనేజరు సంపత్‌ను నిలదీసింది.

“గులాం చాచా మేడం. నీళ్ళు మోస్తడు, పక్కలు మారుస్తడు. జర గట్లనే ఉంటడు, ఏమనుకోకుండ్రి.”

“ఆయనుంటే నేనుండను. రివ్యూ కూడా రాస్తాను.”

రివ్యూ అనేసరికి సంపత్ ముఖం మాడిపోయింది. ఆయన్ను పిలిచి, రేపటి నుంచి రావద్దన్నాడు.

చాచా సంచి భుజాన వేసుకుని, గడప దగ్గర ఒక్క క్షణం ఆగాడు.

“పోత బేటీ. మంచం జర గోడకు జరుపుకో.”

యమున జరపలేదు. ఫోన్ తీసి రాసుకుంది.

గోదావరిఖని: దుమ్ము, ఉక్కపోత, మంచమెక్కే పిచ్చి ముసలాయన.

పరుపు సర్దుకుని, లాప్‌టాప్ దిండు మీద పెట్టి స్నానానికి వెళ్ళింది.

సబ్బు రుద్దుకుంటుండగా దభేల్‌మంది. బాత్రూం తలుపు గడగడలాడింది.

బయటికొచ్చి చూస్తే మంచం రెండుగా విరిగి ఉంది. పైకప్పు నుంచి చాపంత పెచ్చు ఊడి దిండు మీద పడింది. లాప్‌టాప్ నుజ్జు నుజ్జయింది.

ఇంకో పావుగంట ఆగి ఊడి ఉంటే ఆ దిండు మీద యమున తల ఉండేది.

రెండేళ్ళుగా ఆ టక్ టక్ చప్పుడు వినడానికే జీతం తీసుకుంటోంది. తన నెత్తి మీదే వినిపిస్తే గుర్తుపట్టలేకపోయింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

కిందికి పరుగెత్తింది.

“చాచా ఎక్కడ?”

“పోయిండు మేడం. బెల్లంపల్లి బస్సెక్కిండు.”

“ఫోన్ నంబర్ ఇవ్వు.”

“ఆయనకు ఫోనెక్కడిది మేడం?”

“ఇల్లెక్కడో చెప్పు, పోయి కాళ్ళు పట్టుకుంటా.”

సంపత్ తల దించుకున్నాడు. “తెల్వది. నేనెన్నడు అడగలే.”

మధ్యాహ్నం గని ఆఫీసులో పెట్టె విప్పి మిషన్ బయటపెట్టింది. సేఫ్టీ ఆఫీసరు సదానందం మిషన్ చుట్టూ ఒకసారి తిరిగాడు.

“మీ మిషన్ ఎవరి దగ్గర నేర్చుకున్నది మేడం?”

“ఇక్కడి రిటైరైన కార్మికుడి దగ్గర సర్. ఆయన కొట్టిన దెబ్బలు మూడు వందలు రికార్డు చేశారు మావాళ్ళు.”

“పేరేంది?”

“పేరు లేదు సర్. ఏడో నంబరు.”

“ఏది, ఇనిపియ్యుండ్రి.”

లాప్‌టాప్ లేదు. బ్యాగులో అసలు రికార్డులున్న పెన్ డ్రైవ్ మిగిలింది. దాన్ని ఆఫీసు కంప్యూటరుకు పెట్టింది.

“సారీ సర్. ఇవి శుభ్రం చేయనివి. ప్రతి రికార్డులో మొదటి మూడు సెకన్లు ఏదో సణుగుడు ఉంటుంది. మిషన్‌కు అనవసరమని నేనే వినకుండా కత్తిరించేశాను. పట్టించుకోకండి.”

మీట నొక్కింది.

స్పీకర్లోంచి ముందు ఒక చిన్న దగ్గు, ఆ తర్వాత మెల్లగా ఒక ముసలి గొంతు వినిపించాయి: “బిస్మిల్లా. బోల్ అమ్మా.”