తల ఇక్కడ లేదు

"ఛీ ఛీ, దాన్నలా నోట్లో పెట్టేసుకుంటారేంటి పెద్దాయనా!" లోర్నా గయ్యిమంది.

నెబ్రాస్కా గడ్డినేలల్లో, ఏటి గట్టున తవ్వకం సాగుతోంది. దాణా ట్రక్కు ఆపి దిగొచ్చిన ముసలాయన ఒక ముక్క తీసి నాలికకి ఆనించాడు. అతుక్కుంది.

"ఎముకే. రాయైతే అతుక్కోదు."

"ఈయనకి పని తెలిసినట్టుందే!" అన్నాడు తోటి పరిశోధకుడు క్లేటన్.

"నాకడానికి చదువెందుకూ? మా పిల్లీ నాకుతుంది," అంది లోర్నా.

పొగరనుకోకండి. ఈ పనిలో ఆవిడని మించినవాళ్ళు లేరు. ఎపిసియాన్ అని, కోటి ఏళ్ళ కిందట ఇక్కడ తిరిగిన సింహమంత కుక్క. వాళ్ళ మ్యూజియంలో ఉన్న ఒకే ఒక్క పుర్రె మీద ఎనిమిదేళ్ళు పనిచేసింది. ఇప్పుడు దాని జాతిదే మొండెం బయటపడింది. తల కూడా దొరికితే రెండో పుర్రె!

కానీ రెండు రోజుల్లో పెద్ద వాన అంటున్నారు.

"తల ఇక్కడ లేదమ్మాయ్," అన్నాడు ముసలాయన. "వెనక కాళ్ళవైపు తవ్వు. వానొస్తే ఆ పక్క గట్టు ఆగదు."

"మీకెలా తెలుసు?"

"నా పందొమ్మిదో ఏట..."

"కథలు తర్వాత చెబుదురుగాని, ముందు ఆ హద్దు తాడు అవతలికి నడవండి."

ముసలాయన టోపీ సర్దుకున్నాడు. తెచ్చిన రొట్టెల పొట్లం బండమీద పెట్టి వెళ్ళిపోయాడు.

"పాపం, చెప్పనివ్వాల్సింది," అన్నాడు క్లేటన్.

"చెప్పనిస్తే పొద్దుగూకేదాకా వాయిస్తాడు. తవ్వు!"

రెండు రోజులూ తల కోసమే తవ్వారు. ఒక్క పన్ను కూడా దొరకలేదు.

మూడో రోజు వాన విరుచుకుపడింది. గట్టు విరిగి, వెనక కాళ్ళతో సహా ఏట్లో కలిసిపోయింది. లోర్నా బురదలో కూలబడి భోరుమంది.

మిగిలిన మొండెంతో మ్యూజియానికి తిరిగొచ్చాక, అందులోని మెడ మొదటి ఎముకని ఊరికే ఆ పాత పుర్రె కింద పెట్టి చూసింది.

గిన్నెకి దాని మూతే పడ్డట్టు కూర్చుంది.

"క్లేటన్... ఇది దీని తలే!"

ఆవిడ పుర్రె పెట్టెని ముందుకి లాక్కుంది.

అందులో చీటీ ఉంది. దాని మీది అంకె ఎనిమిదేళ్ళుగా ఆవిడకి కంఠతా వచ్చు. వెనక్కి మాత్రం ఏనాడూ తిప్పలేదు.

ఇప్పుడు తిప్పింది.

పెన్సిలు రాత సగం చెరిగిపోయింది: "దీన్ని తీసింది పశువుల కాపరి ఎమిల్ కుచేరా, వయసు పందొమ్మిది, మొండెం ఇంకా ఏటి గట్టులోనే ఉంది, మీవాళ్ళు ఎప్పుడొచ్చినా నేనే వచ్చి చూపిస్తాను."