లావు అక్షరం

రేపు మాజీ సర్పంచ్ రాంచందర్ పుట్టినరోజు. జఫర్‌గఢ్‌లో కీర్తన ఫ్లెక్సీల షాపుకొచ్చి, కుర్చీ ఆమె భుజందాకా జరుపుకున్నాడు.

"నా పేరు జర లావు చెయ్యమ్మా. బస్సుల పోయెటోడికి గూడ కనవడాలె."

ఆమె ఫాంటు మార్చింది. ఆయనకు నచ్చలేదు. గోడకున్న సంతాపం ఫ్లెక్సీ చూపించాడు.

"గా అక్షరం మంచిగున్నది. గదే పెట్టు."

అది ఏ ఫాంటో తెలియక, కీర్తన ఆ ఫ్లెక్సీ ఫైలు తెరిచి "మీ ఆత్మకు శాంతి కలగాలి" అన్న వరసను మౌస్‌తో ఎంచి చూసింది. షాపు కంప్యూటర్‌లో కొత్తగా లైనక్స్ వేయించారు. విండోస్‌లా కాదు, ఇందులో ఎంచిన మాటలు మౌస్ చక్రం నొక్కినచోటల్లా వచ్చి పడతాయి. రాంచందర్ ఫ్లెక్సీకి తిరిగొచ్చి ఫాంటు మారుస్తుంటే, తొందరలో ఆమె వేలు చక్రాన్ని నొక్కింది. ఆ వరస వచ్చి రాంచందర్ పేరు కింద కూర్చుంది. ఆమె గమనించలేదు. ఆయన చూపు తన పేరు దాటి కిందికి దిగలేదు.

మర్నాడు బస్టాండు దగ్గర కట్టిన ఫ్లెక్సీ చదివి, కీర్తన దాన్ని విప్పబోయింది. అంతలో హైదరాబాద్ నుంచి రాంచందర్ ఫోను.

"అన్నా, తప్పయింది..."

"తప్పేందమ్మా! ఏటా పిలిచినా ఒక్కడు రాకపోతుండె. ఇయ్యాల నేను ఊర్లె లేకున్నా, నీ ఫ్లెక్సీ చూసి ఊరంత పటాకులు కాలుస్తున్నరంట, మిఠాయి పంచుకుంటున్నరంట! వచ్చే ఏడు గూడ గదే అక్షరం పెట్టు."